రావెన్‌డేల్‌లో తెల్ల దుప్పట్లు

రావెన్‌డేల్,
1764 నవంబర్ 13.

తమ్ముడు గిల్బర్ట్‌కు అక్క డోర్కస్ దీవెనలు.

నువ్వు లండన్ క్షేమంగా చేరావనీ, దారిలో వాన పడి విగ్గు మాత్రం తడిసి ముద్దయిందనీ నీ బండివాడు తిరిగొచ్చి చెప్పాడు. బండివాడికి ఉన్న తీరిక బిషప్పుకు ఉండదులే. మొన్న మార్టిన్‌మస్ పండక్కు కోసిన ఎద్దు మాంసం ఉప్పులో వేశాం. నీ వాటా తీసి పెట్టాను.

ఇక అసలు సంగతి. మన కెజియా మొగుడు ఫిలిప్ ఇంటికి రావడం మానేశాడు. మొదట వేటకన్నాడు, తర్వాత వాళ్ళ నాన్నకు ఒంట్లో బాగాలేదన్నాడు. నెల తిరిగినా జాడ లేకపోతే నేనే గార్స్టన్ దొర బంగళాకు వెళ్ళాను. ముసలాయన గుండ్రాయిలా ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టాడు.

"పెళ్ళాన్నీ పసిబిడ్డనీ వదిలేసి మీ అబ్బాయి ఇక్కడేం చేస్తున్నాడండీ?" అన్నాను.

"పెళ్ళామా? ఎవరి పెళ్ళాం? మావాడికి ఇంకా పెళ్ళే కాలేదమ్మా."

తాగి ఉన్నాడేమోనని మొహంలోకి చూశాను. తాగలేదు.

"మీ తమ్ముణ్ణే అడగండి. పెద్ద చదువులు చదివాడుగా" అని తలుపు వేసుకున్నాడు.

దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాను. ఆయనిచ్చిన స్థలంలో కట్టి, నువ్వు ప్రతిష్ఠ చేసిన మన కొత్త చర్చిలో, రెండేళ్ళ కిందట నీ చేతుల మీదుగా జరిగిన పెళ్ళి. ఊరంతా చూసింది. ఇంటికొచ్చి కెజియాను చూశాక నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గర కూర్చుంటే లేవదు. తిండి సరిగా తినక పాలు తగ్గిపోయాయి. నీ పేరు పెట్టుకున్న ఆ చంటివాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

ఫిలిప్‌కు ఒక ముక్క గట్టిగా రాయి. మేనమామవి, పైగా పెళ్ళి చేసినవాడివి.

నీ అక్క
డోర్కస్ పిమ్


లండన్,
నవంబర్ 25.

ప్రియమైన అక్కయ్యకు గిల్బర్ట్ వందనాలు.

నీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను. ఆ రోజు వాళ్ళిద్దరి చేతులూ కలిపింది నేను. కొత్త కలప వాసనకు తుమ్ము వస్తే ఆపుకుంటూ దీవెన చదివింది నేను. ముందు వరసలో కూర్చుని రుమాలు తడిసేలా ఏడ్చింది ఆ గార్స్టనే. దేవుడి ఎదుట బిషప్పు ముడివేసింది గార్స్టన్ విప్పగలడా? మొగుడూ పెళ్ళాలు ఏదో మాటా మాటా అనుకుని ఉంటారు, వియ్యంకుడు దాన్ని పట్టుకుని మీసం మెలేస్తున్నాడు. కెజియాను కాస్త నవ్వుతూ ఉండమను. ఫిలిప్‌కు తీరిక చూసుకుని రాస్తాను.

తీరిక ఎందుకు లేదంటే, ఇక్కడ ఒక పెద్ద పీఠంలో ముసలి బిషప్పుగారికి దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు లండన్ అంతా వినిపిస్తోంది. ఆయన ఆరోగ్యం కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. నాలాంటి చిన్న పీఠాల వాళ్ళం అందరం ప్రార్థిస్తున్నాం, ఒక కన్ను తెరుచుకుని. మంత్రిగారి ఇంట్లో పొద్దుటి దర్శనానికి వెళ్ళి నిలబడితే మొన్న ఆయన నా భుజం తట్టారు. పక్కనున్న ఇద్దరు బిషప్పుల మొహాలు నువ్వు చూడాల్సింది.

మోకాలు మళ్ళీ వాచింది. నువ్వు కాచే పెద్దబాతు కొవ్వు ఒక జాడీ పంపించు. లండన్ వైద్యుల మందులన్నీ దాని ముందు దండగ.

నీ ప్రియ సోదరుడు
గిల్బర్ట్ థార్న్‌మినిస్టర్


రావెన్‌డేల్,
డిసెంబర్ 8.

ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్న తమ్ముడికి,

బిషప్పులంతా తమ పీఠం పేరుతోనే సంతకం పెడతారని నాకూ తెలుసు. కానీ అక్కకు రాసే ఉత్తరం కిందైనా మన నాన్న హాస్కెల్ పేరు పెట్టుకుంటే నీ పీఠం కూలిపోతుందా? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నీకు బాతు కొవ్వు కావాలా!

గార్స్టన్ పంపిన లాయరు వచ్చాడు. నా వంటింట్లో, నా కుర్చీలో కూర్చుని, నా రొట్టె తింటూ చెప్పాడు. యాభై మూడులో, మీ బిషప్పులు కూడా కూర్చునే ప్రభువుల సభ పెళ్ళిళ్ళ చట్టం చేసిందట. అంతకు ముందు నుంచీ పెళ్ళి ప్రకటనలు చదివే అలవాటున్న చర్చిల్లోనే పెళ్ళి చెయ్యాలట. మన రావెన్‌డేల్ చర్చి లేచింది యాభై తొమ్మిదిలో. కాబట్టి అందులో జరిగింది పెళ్ళి కాదట.

"బిషప్పే స్వయంగా చేశాడయ్యా!" అన్నాను.

"ఆర్చిబిషప్పు వచ్చి చేసినా అంతేనమ్మా. చర్చికి వయసు చాల్లేదు" అని చేతులు తుడుచుకున్నాడు.

ఫిలిప్‌కు బొగ్గుగనులవాళ్ళ అమ్మాయిని చూశారట. నీకు పెద్ద పీఠం వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం నీ మేనకోడలు వాళ్ళకు ముద్దొచ్చింది. ఇప్పుడు బొగ్గు ముద్దొస్తోంది.

ఇది నిజమేనా? ఆ చట్టం చేసిన రోజు నువ్వు ఆ సభలో ఉన్నావా?

కెజియా లాయరును ఏమీ అడగలేదు. అతను వెళ్ళాక నన్ను ఒకే ఒక్క మాట అడిగింది: "మావయ్యకు తెలిసే చేశాడా అమ్మా?" అప్పట్నుంచి నోరు విప్పలేదు. నిన్న సాయంత్రం పిండిమర దగ్గర మడుగు ఒడ్డున నిలబడి ఉంటే మరావిడ హన్నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. దాని చెప్పులు దాచేశాను. నాకు భయంగా ఉంది గిల్బర్ట్. చాలా భయంగా ఉంది.

డోర్కస్


లండన్,
డిసెంబర్ 20.

అక్కా,

నిజమే. ఇద్దరు లాయర్లను అడిగాను, ఇద్దరూ ఒకటే చెప్పారు. మూడో వాడిని అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ రోజు సభలో ఉన్నాను. ఎండాకాలం, ఊపిరాడని ఉక్క. సారాయి కొట్ల వెనక గదుల్లో దొంగ పాస్టర్లు తాగుబోతులకు పెళ్ళిళ్ళు చేసేస్తున్నారనీ, దాన్ని అరికట్టాలనీ అందరం గట్టిగా మాట్లాడాం. ఈ ఒక్క వాక్యం ఎవరూ పట్టించుకోలేదు. భోజనానికి ఆలస్యమవుతోందన్న ధ్యాసలో చెయ్యెత్తాను. ఆరేళ్ళ తర్వాత ఆ చెయ్యితోనే మీ ఊళ్ళో చర్చి ప్రతిష్ఠించాను. మా పీఠంలో ఇంతమందిమి చదువుకున్నవాళ్ళం ఉన్నాం, కొత్త చర్చిలో పెళ్ళి చెల్లదని ఒక్కడికీ తోచలేదు. దేవుడి ఇల్లు కట్టాం కదా, ఇక అందులో ఏం చేసినా చెల్లుతుందనుకున్నాం.

కెజియాతో చెప్పు, మావయ్యకు తెలియదని. తెలిసి ఉంటే కొండవతల పాత చర్చి దాకా నేనే దాన్ని భుజాన మోసుకుపోయేవాణ్ణి.

ఇప్పుడు నా మాట జాగ్రత్తగా విను. ఈ సంగతి ఎవరితోనూ అనకు. ఆ చర్చిలో పెళ్ళాడిన ప్రతి ఆడదాని గతీ ఇదే. ఇది బయటికి పొక్కితే తాగి ఇంటికొచ్చిన ప్రతివాడూ రేపు పెళ్ళాంతో ఫిలిప్ వాళ్ళ నాన్న అన్న మాటే అంటాడు. అలాంటి పెళ్ళిళ్ళన్నీ చెల్లుతాయని ఇంకో చట్టం తెస్తే తప్ప దారి లేదు. కానీ ఈ మంత్రిగారికి పాత చట్టమంటే కన్నబిడ్డతో సమానం. నేనిప్పుడు లేచి అందులో తప్పుందంటే నా మాట వినేవాడుండడు. పెద్ద పీఠం చేతికొస్తే నా మాటకు బరువొస్తుంది. అప్పుడు తెస్తాను. వసంతం దాకా ఓపిక పట్టండి. నాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దాని చెప్పులు దాచే ఉంచు.

గిల్బర్ట్ థార్న్‌మినిస్టర్


రావెన్‌డేల్,
1765 జనవరి 20.

గిల్బర్ట్‌కు,

కొత్త సంవత్సరం వచ్చింది. నీ పెద్ద పీఠం ఇంకా రాలేదు కాబోలు. అది వచ్చేదాకా కెజియా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి! నోరు మూసుకోమన్నావు, మూసుకున్నాను. మిగతా ఆడవాళ్ళ కోసమన్నావు. ఇంత జరిగాక చూస్తే నీ కుర్చీ కోసమేమో అనిపిస్తోంది.

ఏం జరిగిందంటావా? నీ దగ్గర్నుంచి సమను వచ్చింది. అవును, నీ దగ్గర్నుంచే. "గిల్బర్ట్, దైవానుమతితో థార్న్‌మినిస్టర్ బిషప్పు" అని మొదలవుతుంది. కింద నీ ముద్ర. కెజియా పిమ్ అనే కన్య పెళ్ళి కాకుండా ఒక మగవాడితో కాపురం చేసి బిడ్డను కన్నదట, నీ చర్చి కోర్టులో జవాబు చెప్పుకోవాలట. చర్చి పెద్ద సైలస్ క్రాబ్ ఫిర్యాదు చేశాడు. సైలస్ గార్స్టన్ పొలం కౌలుకు చేస్తాడు. పెళ్ళి కాలేదని ఊరందరి ముందూ దాని నోటే చెప్పిస్తే ఫిలిప్‌కు అడ్డు తొలగిపోతుంది.

దాన్ని బండిలో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. మీ జడ్జి తల ఎత్తి చూడలేదు. శిక్ష వేశాడు: లెంటు ఉపవాస దినాల్లో మొదటి ఆదివారం, రెండో ఆదివారం. గంట కొట్టిన దగ్గర్నుంచి చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని, ఒంటికి తెల్ల దుప్పటి చుట్టుకుని, చేతిలో తెల్లకర్ర పట్టుకుని చర్చి గుమ్మంలో నిలబడాలి. ప్రసంగమయ్యాక అందరి ముందుకూ వచ్చి పాస్టరు చెప్పినట్టు చెప్పాలి, ఫలానావాడితో వ్యభిచరించానని, క్షమించమని. ఏ చర్చిలో? నువ్వు దాని పెళ్ళి చేసిన చర్చిలోనే.

"ఎంతో కొంత కట్టి ఈ దుప్పటి తప్పించుకునే పద్ధతి ఉంది కదండీ" అని అడిగాను.

"ఉండేదమ్మా. ఉన్నవాళ్ళకో న్యాయం లేనివాళ్ళకో న్యాయం కూడదని మీ తమ్ముడుగారే రాగానే ఆపించారు."

అవును, ఆపించావు. ఆ రోజు నీ మొదటి ప్రసంగంలో ఆ మాట అన్నప్పుడు వెనక వరసలో కూర్చుని మురిసిపోయింది నేనే. కొవ్వొత్తులు పోసుకునే టోబియాస్ హాస్కెల్ కొడుకు, కేంబ్రిడ్జిలో దొరబిడ్డలు తిన్న కంచాలు మోసి చదువుకున్నవాడు, ప్రభువు కొడుక్కు పాఠాలు చెప్పి, ప్రభువు ఇంట్లో ప్రార్థనలు చదివి, మెట్టు మెట్టూ ఎక్కి బిషప్పయి పేదవాళ్ళను మర్చిపోలేదని ఏడ్చాను. నీకు అక్షరాలు దిద్దించింది నేనే గిల్బర్ట్, అమ్ముడుపోని వంకర కొవ్వొత్తుల వెలుగులో. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?

ఆ సమను మీద ముద్ర వేసింది నువ్వేనా? తిరుగు టపాలో చెప్పు.

డోర్కస్


లండన్,
జనవరి 29.

ప్రియమైన అక్కయ్యకు, కెజియాకు, నా పేరు పెట్టుకున్న చిట్టివాడికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఉత్తరాన మంచుకు దారులు మూసుకుపోయాయట. ఉత్తరం లేకపోతే అంతా నెమ్మదిగా ఉందనే అర్థం చేసుకుంటున్నాను.

దగ్గు ఆగిపోయింది. ముసలి బిషప్పుగారు పోయారు. నిజంగానే ఏడ్చాను అక్కా, మంచివాడు. నిన్న మంత్రిగారు నన్ను పక్కకు పిలిచి మాట ఇచ్చారు. రాజుగారి చెయ్యి ముద్దుపెట్టుకోవడమే మిగిలింది. ఆ మర్నాడే మన చట్టం మాట ఎత్తుతాను, ఒట్టు. దురాశ అంటావేమో. కొంచెం ఉంది. కానీ ఈ రెండు నెలలుగా నిద్ర పట్టనప్పుడు నేను తలుచుకునేది ఆ పెద్ద పీఠం బంగళా కాదు, మడుగు ఒడ్డున నిలబడ్డ పిల్లను.

ఒక ఐర్లండ్ వర్తకుడి దగ్గర నార బట్ట చూశాను. మంచులా తెల్లన, వెన్నలా మెత్తన. ఒక తాను కొని బండిలో పంపించాను. బిడ్డకు చొక్కాలు, దానికి పడకబట్టలు కుట్టుకోమను. మూటలో చిన్న చీటీ మాత్రం పెట్టాను, మిగతాదంతా ఈ ఉత్తరంలో ఉంది కదా అని.

బాతు కొవ్వు పంపనే లేదు. కోపమా?

నీ తమ్ముడు
గిల్బర్ట్ థార్న్‌మినిస్టర్
(ఇంకెన్నాళ్ళో ఈ సంతకం పెట్టనులే!)


రావెన్‌డేల్,
ఫిబ్రవరి 9.

మహాఘనత వహించిన థార్న్‌మినిస్టర్ బిషప్పుగారి సముఖానికి, తమ పీఠంలో ఉండే డోర్కస్ పిమ్ అనే విధవరాలు రాసుకున్నది.

నేనడిగినదానికి తమరు జవాబు రాయలేదు. తమరు పంపిన దుప్పటి మాత్రం అందింది. దానితో పాటు చీటీ: "కెజియాకు. ఓర్చుకో తల్లీ. మావయ్య."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఏమిటో ఇన్నేళ్ళకు తెలిసింది. కెజియా ఆ బట్ట విప్పి భుజం మీంచి పాదాల దాకా కొలుచుకుంది. "మావయ్య నా పొడుగు మర్చిపోలేదమ్మా" అంది. రెండు నెలల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట అది. మడిచి పెట్టెలో పెట్టి, బిడ్డను నా ఒళ్ళో వేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

ముతక దుప్పటిలో నిలబడితే బిషప్పు మేనకోడలికి నామోషీ అని ఖరీదైనది పంపారు కాబోలు. తమరి దయ.

తమరి ఆజ్ఞ ప్రకారం ఇన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. ఈ పూట విప్పాను. పిండిమరకు వెళ్ళి హన్నా ఓట్స్‌తో అంతా చెప్పేశాను. తన పెళ్ళీ పెళ్ళి కాదని విని ఆవిడ చేతిలో జల్లెడ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇకపై తమరికి ఉత్తరాలు రాసి విసిగించను.

డోర్కస్ పిమ్


గ్రాంథమ్ సత్రం,
ఫిబ్రవరి 21, గురువారం.

అక్కా, అక్కా, అది దుప్పటి కాదు.

నీ రెండు ఉత్తరాలూ మంచులో చిక్కుకుని ఒకే పూట నా చేతికొచ్చాయి. రెండోది ముందు విప్పాను. ఏ దుప్పటి అని వెతుక్కుంటూ మొదటిది చదివాను. అప్పుడు అర్థమైంది. అది పడకబట్టల కోసం కొన్న తాను అక్కా. జనవరి చివర్లో రాసిన ఉత్తరం నీకు చేరి ఉంటే తెలిసేది. చేరలేదు కదూ? కెజియాతో చెప్పు. ముందు లేచి వెళ్ళి అది చెప్పి వచ్చి, తర్వాత మిగతాది చదువు.

ఆ సమను నేను చూడనైనా లేదు. మా కోర్టు నుంచి వెళ్ళే ప్రతి కాగితం మీదా నా పేరు వేసి ముద్ర కొడతారు. బిషప్పు పేరు అక్కడ తలుపుకు గొళ్ళెం లాంటిది, ఎవరు కావాలంటే వాళ్ళు లాగుతారు. పని మీద లండన్ వచ్చి ఉన్న మా జడ్జికి ఆపమని రాశాను. ఆయన ఉద్యోగం నాకు ముందున్న బిషప్పు జీవితాంతానికీ రాసిచ్చింది, ఊడబెరకడం నా తరం కాదు. పైగా నేనే పెట్టిన నిబంధనను చీటీ మీద ఎత్తి రాసి నాకే తిప్పి పంపాడు.

నీ ఉత్తరాలు జేబులో పెట్టుకుని సభకు వెళ్ళాను. లేచి నిలబడ్డాను. "నేను చేసిన పెళ్ళిని నేను చేసిన చట్టమే కాదంటోంది. నా పీఠంలోనే ఒక ఊరి నిండా భార్యలు ఉన్నారు, వాళ్ళు భార్యలు కారు" అన్నాను. తర్వాత వెనక నుంచి ఒక ప్రభువు, "బిషప్పుగారి దీవెనలు నిలవవన్నమాట, శాపాలైనా తగులుతాయా?" అన్నాడు. సభంతా గొల్లుమంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నవ్వులు ఆగేదాకా నిలబడి మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. సగం మంది భోజనానికి లేచి వెళ్ళారు. నేనూ ఒకప్పుడు భోజనం ధ్యాసలో చెయ్యెత్తినవాణ్ణే, వాళ్ళనేమనను?

మర్నాడు మంత్రిగారి ఇంటికి వెళితే నౌకరు "అయ్యగారు లేరు" అన్నాడు. అయ్యగారి నవ్వు మేడ మీంచి వినిపిస్తూనే ఉంది. పెద్ద పీఠం ఇంకొకరికి ఇచ్చేశారు. చిత్రమేమిటంటే ఆ కబురు విని నాకు ఏమీ అనిపించలేదు.

ఆ పూటే బయల్దేరాను. ఇక్కడికొచ్చేసరికి ఇరుసు విరిగింది. మంచు మోకాలి లోతుంది, నా మోకాలు గుమ్మడికాయంత ఉంది. గుర్రం ఎక్కబోయి కిందపడ్డాను. ఆదివారానికి చేరలేను. ఎంత లెక్క వేసినా చేరలేను అక్కా. ఆపమని మీ పాస్టరుకు మనిషిని పంపాను, వాడు దారిలో ఎక్కడ చిక్కుకుంటాడో. దాన్ని ఒంటరిగా వదలకు. చర్చి నుంచి తిరిగొచ్చేటప్పుడు మడుగు దారిన రాకండి, కొండ దారిన రండి.

రెండో ఆదివారానికి పాక్కుంటూనైనా వస్తాను. ఆ దుప్పటి ఎవరి పాపానికి? చట్టం చేసింది నేను, చర్చి ప్రతిష్ఠించింది నేను, పెళ్ళి చేసింది నేను, శిక్ష మీద ఉన్న పేరు నాది. దాని పక్కన నేనూ నిలబడతాను. నా విగ్గూ ఉంగరమూ పెట్టెలో పెట్టేశాను. ఇంట్లో ఒక దుప్పటి ఉంటే నాకోసం తీసిపెట్టు. పొడుగుది.

బతికి ఉందని ఒక్క ముక్క రాయి. ఈ సత్రానికే రాయి.

గిల్బర్ట్ హాస్కెల్


రావెన్‌డేల్,
ఫిబ్రవరి 26, మంగళవారం.

ఒరేయ్ గిల్బీ,

బతికి ఉంది. అది ముందు రాశాను. ఇప్పుడు కూర్చుని చదువుకో.

జనవరిలో నువ్వు రాసిన ఉత్తరం, పాస్టరుకు నువ్వు పంపిన మనిషి, సత్రం నుంచి రాసిన ఈ ఉత్తరం, మూడూ నిన్ననే వచ్చాయి. అన్నీ ఆదివారం దాటాకే. నువ్వు చెప్పినట్టే ముందు లేచి వెళ్ళి కెజియాకు చెప్పాను. అది చాలాసేపు ఏడ్చింది. నిన్ను నేనన్న మాటలకు నేనూ ఏడ్చాను. దాని గురించి ఇంతకంటే రాయను, కాగితం తడిసిపోతోంది.

ఆదివారం పొద్దున్నే లేచి జుట్టు విప్పుకుంది. నీ బట్ట ముట్టుకోలేదు. మన అమ్మ నేసిన ముతక దుప్పటి కప్పుకుంది. దానికి ఇంకా నాన్న కొవ్వొత్తుల వాసన పోలేదు. మంచులో ఉత్త కాళ్ళతో నడుస్తుంటే నేనూ నా చెప్పులు విడిచేశాను. ఇవాళ సాయంత్రానికి నాకు కూతురు ఉండదని నా మనసు చెబుతూనే ఉంది.

మలుపు తిరిగేసరికి చర్చి గుమ్మంలో తెల్లగా ఎవరో నిలబడి ఉన్నారు. హన్నా ఓట్స్. తల మీంచి కాళ్ళ దాకా దుప్పటి.

"ఏమిటే హన్నా ఇది?" అన్నాను.

"నా పెళ్ళీ ఇక్కడేగా అయ్యింది డోర్కసమ్మా. దీనిది పాపమైతే నాదీ పాపమే. నాకు ముగ్గురు పిల్లలు, నా పాపం ఇంకా పెద్దది. జరుగు కెజియా, చలిగా ఉంది."

ఆమె వెనకే ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఆ చర్చిలో పెళ్ళాడినవాళ్ళు. హన్నా ఆ రెండు వారాలూ పిండి పట్టి ఇస్తూ ఇంటింటికీ చెప్పిందట. అందరూ రాలేదులే. కొందరిని మొగుళ్ళు గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. ఒకామె మమ్మల్ని చూసి మొహం తిప్పుకుని లోపలికి పోయింది. బండి తోలే నెడ్ పెళ్ళాం వచ్చింది గానీ దానికి ఇంట్లో ఉన్నది ఒక్క కంబళి, అదీ నల్లది. ఒక మూల నిలబడి ఏడుస్తోంది. కెజియా దాన్ని చూసింది. ఇంటికి పరిగెత్తింది, ఆ మంచులో. తిరిగొచ్చేటప్పుడు చేతిలో నీ ఐర్లండ్ తాను. పళ్ళతో కొరికి చర్రున చింపి నెడ్ పెళ్ళాం భుజాల మీద కప్పింది. దుప్పటి లేని ఇంకో ఇద్దరికీ చింపి ఇచ్చింది.

ఆఖరుకు ఎవరొచ్చారో తెలుసా? సైలస్ క్రాబ్ కూతురు జెమీమా. చర్చి పెద్ద మొహం పాలిపోయింది.

"ఇంటికి పోవే!" అని అరిచాడు.

"ఏ ఇంటికి నాన్నా? మొగుడింటికా? అది నా ఇల్లు కాదని నువ్వేగా ఫిర్యాదు చేశావు."

ప్రసంగం అయ్యాక అందరం ముందుకు వెళ్ళాం. పాస్టరు పుస్తకం తెరిచాడు. కాగితం మీద ఒక్క పేరే ఉంది, ఎదురుగా వరసంతా తెల్లగా ఉంది. "ఎవరు... ఎవరితో..." అని నసిగాడు. హన్నా ఆగలేదు. "నేను జార్జ్ ఓట్స్‌తో అయిదేళ్ళుగా వ్యభిచరిస్తున్నానండీ, మొన్న శుక్రవారం కూడా" అంది గట్టిగా. వెనక వరసలోంచి జార్జ్ లేచి, టోపీ చేత్తో పట్టుకుని, "నిజమేనండయ్యా" అన్నాడు. చర్చి పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు.

కెజియా నవ్వలేదు. లేచి నిలబడి అవునని చెప్పడానికి వెనక వరసలో దానికి ఎవరూ లేరు కదా. నవ్వులు ఆగేదాకా నిలబడింది, నువ్వు సభలో నిలబడ్డట్టే. ఆ తర్వాత పాస్టరు చెప్పమన్నది కాకుండా, "నేను ఇక్కడ, మా మావయ్య చేతుల మీదుగా, ఫిలిప్ గార్స్టన్‌ను పెళ్ళాడాను" అంది. రెండోసారి కూడా అదే అంది. పాస్టరు పుస్తకం మూసేసి కూర్చున్నాడు.

నీ ఉత్తరం అప్పటికి అందకపోయినా కొండ దారినే ఇంటికొచ్చాం. పొయ్యి దగ్గర నిలబడి గంజి అడిగింది. గిన్నెడూ తాగింది.

బాగుపడిపోయిందని అనుకోకు. అదే ఆదివారం కొండవతల పాత చర్చిలో ఫిలిప్‌కూ ఆ బొగ్గువాళ్ళ అమ్మాయికీ పెళ్ళి ప్రకటన చదివారు. ఆ చర్చికి వయసు సరిపోతుంది. చట్టం మారలేదు, నా మనవడికి తండ్రి పేరు లేదు, దీన్ని భార్య అని పిలిచేవాడు లేడు. దాని చెప్పులు ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి. నీకా, పెద్ద పీఠం పోయింది, ఉన్నదీ ఉంటుందో లేదో. ఏం మిగిలిందని అడిగితే నేనేం చెప్పలేను.

అయినా రా. నిలబడతానన్నావు కదా, నిలబడు. కెజియా నిన్ను అడుగుతోంది. బాతు కొవ్వు కాచి పెట్టాను. కానీ దుప్పటి తీసిపెట్టమన్నావే, అదొక్కటి మాత్రం కుదరదురా. గొళ్ళేలు వేసిన మొగుళ్ళే ఇప్పుడు గొళ్ళేలు తీస్తున్నారు, ఈసారి ఇంకా చాలామంది వస్తారట. ఊరంతా వెతికినా తెల్లది ఒక్కటి మిగల్లేదు. నీది నువ్వే తెచ్చుకో.

అక్క